గడ్డికి బండి కిరాయి

ఇంగ్లండులో పెరడున్న ఇల్లు కొనుక్కున్నవాళ్ళు గడ్డికి రెండుసార్లు డబ్బు పెడతారు. పెంచుకోవడానికి ఒకసారి, వదిలించుకోవడానికి ఇంకోసారి. మార్చిలో విత్తనాలంటారు, ఏప్రిల్లో ఎరువంటారు, మధ్యలో నాచు చావడానికి ఏదో మందంటారు. ఇంతా చేసి, ఏపుగా లేచిందని మురిసేలోగా మోవర్ బయటికి తియ్యాలి. కోసిన గడ్డి ఎక్కడ పొయ్యాలి అనేదగ్గర ఊరి కౌన్సిల్ గుర్తొస్తుంది.

మామూలు చెత్తకీ, రీసైక్లింగుకీ విడిగా ఇవ్వాల్సిందేమీ లేదు. ఏటా కట్టే కౌన్సిల్ టాక్సులోనే అవి కలిసి ఉంటాయి. కోసిన గడ్డి, రాలిన ఆకులు, కత్తిరించిన కొమ్మలు, వాడిపోయిన పూలు, వీటికి మాత్రం ఏడాది చందా వేరే. చాలా ఊళ్ళలో అది 40 నుంచి 70 పౌండ్ల మధ్య ఉంటుంది. కడితే స్టిక్కరొకటి పోస్టులో వస్తుంది, డబ్బాకి అంటించుకోవాలి. ఆ డబ్బా కొన్ని ఊళ్ళలో ఆకుపచ్చ, కొన్నిట్లో గోధుమరంగు. మా వైపు తెలుగువాళ్ళందరికీ అది ‘బ్రౌన్ బిన్’. రెండు వారాలకోసారి పొద్దున్నే, పిడి రోడ్డువైపు ఉండేట్టు, గేటు బయట పెట్టాలి. మూత పూర్తిగా పడకపోతే తియ్యరు. పక్కన సంచిలో పెట్టింది తియ్యరు. మట్టిబెడ్డ తగిలినా, రాయి తగిలినా ఒక చీటీ తగిలించి పోతారు. చలికాలంలో కొన్ని కౌన్సిళ్ళు అసలు బండే పంపవు. అప్పుడు మాత్రం ఎవరూ ఏమీ అనరు, ఎందుకంటే ఆ చలిలో పెరట్లోకి వెళ్ళే ధైర్యం చందాదారుకీ ఉండదు.

ఆ డబ్బు మాకు పెద్ద భారమేమీ కాదు. కట్టాక మనిషికి పట్టే తిక్క ఉంది చూశారూ, దాని గురించే ఇదంతా చెప్తున్నాను.

చందా లేనన్నాళ్ళూ మా ఆయన పెరటివైపు కన్నెత్తి చూసేవారు కాదు. కట్టిన మర్నాటి నుంచీ లెక్క మొదలైంది. డబ్బా సగమే నిండితే సగం డబ్బు దండగే కదా! బుధవారం బండి అంటే మంగళవారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూనే, బూట్లు కూడా విప్పకుండా, కత్తెర పట్టుకుని బయల్దేరతారు. వారమంతా బాగున్న గులాబీ కొమ్మ ఆ పూట ఆయన కంటికి అడ్డదిడ్డంగా కనిపిస్తుంది. నేను నాటుకున్న రోజ్‌మేరీ రెండుసార్లు చావు తప్పి బయటపడింది. “ఇంకా జానెడు ఖాళీ ఉంది” అంటారు, మూతెత్తి చూపిస్తూ. ఆ డబ్బాని పాడిగేదెలా మేపడానికే ఈ ఇల్లు కొన్నామేమో అనిపించేది నాకు.

పోనీ పెట్టిన మేత కుదురుగా ఉంటుందా అంటే, ఉండదు. పచ్చిగడ్డి పోసిన రెండో రోజు మూత తీస్తే వేడి మొహానికి కొడుతుంది. లోపలికి చెయ్యి దూరిస్తే చురుక్కుమంటుంది. నాలుగో రోజుకి అడుగున నల్లటి రసం దిగి, గేటు దాకా వాసన. తొలి మంచు పడే రోజుల్లో అదే అడుగుకి కరుచుకుని గడ్డకడుతుంది. బండివాళ్ళు ఎత్తి దులిపినా సగం ఊడి రాదు. ఖాళీ అయిందనుకుని ఈడ్చుకొస్తే డబ్బా బరువు తగ్గి ఉండదు.

ఇంత తతంగం ఎందుకు పెట్టారా అని చట్టం తిరగేశాను. ఇంటి చెత్త ఊరికే ఎత్తుకెళ్ళడం స్థానిక సంస్థల బాధ్యత అని 1990 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం చెప్తుంది, కొన్ని మినహాయింపులతో. ఆ మినహాయింపుల జాబితా 1992 నియమాల్లో ఉంది. 25 కిలోలు దాటిన సామాను, డబ్బాలో పట్టని సామాను, తోట చెత్త, చచ్చిపోయిన పెంపుడు జంతువు. వీటిని తీసుకెళ్ళమంటే కిరాయి అడగొచ్చు. పాత సోఫా, చచ్చిన పిల్లి, మా గులాబీ కొమ్మలు ఒకే వరసలో నిలబడి ఉన్నాయన్నమాట. 2012లో నియమాలు కొత్తగా రాశారు గానీ తోట చెత్తను ఆ వరసలోంచి తప్పించలేదు.

అడగొచ్చు అని ఉన్నా చాలా కౌన్సిళ్ళు చాలాకాలం అడగలేదు. అందులో వాళ్ళ లాభం వాళ్ళకుంది. పల్లపు గోతుల్లో చెత్త పూడ్చినందుకు ప్రభుత్వం టన్నుకింత అని పన్ను వేస్తుంది. 1996లో 7 పౌండ్లతో మొదలైన ఆ పన్ను 2025 ఏప్రిల్‌కి 126 పౌండ్లు దాటింది. గడ్డిని విడిగా తీసుకుని కంపోస్టు చేయిస్తే ఆ పన్ను తప్పుతుంది. పైగా రీసైక్లింగు లెక్కలు బరువు మీద కడతారు. తడిగడ్డికి మించిన బరువు ఇంకేముంది? ఊరికే డబ్బాలిచ్చి, ఊరికే తీసుకెళ్ళి, మా ఊళ్ళో ఇంత శాతం రీసైకిల్ చేశాం అని చెప్పుకునేవారు. 2010 తర్వాత పైనుంచి వచ్చే గ్రాంట్లు కోతపడ్డాయి. ముసలివాళ్ళ సంరక్షణ ఖర్చు ఏటా పెరుగుతోంది. కౌన్సిల్ టాక్సు ఒక హద్దు దాటి పెంచాలంటే ఊళ్ళో ఓటింగు పెట్టాలి, ఆ పని ఎవరు పెట్టుకుంటారు? ఇలాంటి చిల్లర రుసుములకైతే ఆ ఓటింగు గొడవ లేదు. అలా 2014లో బర్మింగ్‌హామ్‌లో ఏడాదికి 35 పౌండ్లు అన్నారు, జనం గోలపెట్టారు. 2018లో స్కాట్లండులోని ఎడిన్‌బరో కూడా 25 పౌండ్లు అంది. ఒకళ్ళని చూసి ఒకళ్ళు, ఇప్పుడు ఊరికే తీసుకెళ్ళే చోట్లే తక్కువ.

మధ్యలో ప్రభుత్వమే ఒక ఆశ పెట్టింది. తోట చెత్తను దేశమంతటా ఊరికే తీసుకెళ్ళేట్టు చేస్తే ఎలా ఉంటుందని 2018లో ఆలోచన మొదలుపెట్టి, 2021లో జనం అభిప్రాయం అడిగి, 2023 అక్టోబరులో ఠాట్, కుదరదు అని తేల్చేసింది. అడిగినవాళ్ళకి డబ్బా ఇవ్వాలి, డబ్బులు పుచ్చుకోవచ్చు. అంతే.

న్యాయంగా ఆలోచిస్తే ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేను. బ్రిటన్‌లో ఎనిమిదిళ్ళకి ఒక ఇంటికి తోటే లేదని 2020లో జాతీయ గణాంక కార్యాలయం లెక్క తేల్చింది. లండన్‌లో అయితే అయిదిళ్ళకి ఒకటి. మేమూ వచ్చిన కొత్తలో చేపల వేపుడు కొట్టు మీద రెండు గదుల ఇంట్లో ఉన్నవాళ్ళమే. కిటికీలో కరివేపాకు కుండీ ఒక్కటే మా తోట. డిసెంబరులో అది ఆకంతా రాల్చేస్తే ఏరి పోపులో వేసుకునేదాన్ని. ఆ రోజుల్లో మేము కట్టిన పన్నుతో ఊరవతల పెద్ద పెద్ద ఇళ్ళవాళ్ళ లేలాండీ కంచెల కొమ్మలు ఊరికే ఎత్తుకుపోయి ఉంటే నాకు ఒళ్ళు మండేది. (లేలాండీ అంటే ఏడాదికి మూడడుగులు లేచే సరుగుడు లాంటి చెట్టు. దాని నీడల తగాదాలు భరించలేక ఎత్తు కంచెల మీద పార్లమెంటు 2003లో చట్టమే చెయ్యాల్సి వచ్చింది.) తోటున్నవాడు తోట ఖర్చు పెట్టుకోవాలి అన్న మాట ఆ రెండు గదుల ఇంట్లోంచి చూస్తే చాలా సబబుగా ఉంటుంది.

అలా సర్దిచెప్పుకుని కూర్చున్న దాన్ని మా మామగారు కదిలించారు. ఆయనది తెనాలి దగ్గర పల్లె. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ గేదెలు, గడ్డి, నిమ్మతోట తప్ప వేరే ప్రపంచం లేదు. ఒక ఏడు మే నెలలో వచ్చి మా దగ్గర వేసవంతా ఉన్నారు. ఆ నెల ఇక్కడ ప్లాంట్‌లైఫ్ అనే సంస్థ వాళ్ళు గడ్డి కొయ్యొద్దు, తేనెటీగలకి పూలుంటాయి అని ప్రచారం చేస్తారు. మేము భక్తిగా పాటించాం. మా ఆయన బద్ధకానికి ఇంత మర్యాదైన కారణం ఇంకెప్పుడూ దొరకలేదు. జూన్ వచ్చేసరికి గడ్డి మోకాలి దాకా లేచి, కంకులు వేసింది. బ్రౌన్ బిన్ను, దానికి కట్టిన డబ్బును గురించి అప్పుడే మామగారికి చెప్పాం.

“ఇదేంటమ్మాయ్! గడ్డి పట్టుకుపోయేవాడు మనకియ్యాలి గానీ మనం వాడికివ్వడమేంటి?”

“ఇక్కడంతే మామయ్యగారూ.”

“గడ్డి తినేవి లేవా ఈ దేశంలో?”

ఉన్నాయి, మోటర్‌వే మీద పోతుంటే రెండువైపులా అవే, మన గల్లీలో లేవు అన్నాను. ఆయన మాట్లాడలేదు. మర్నాడు పొద్దున చూస్తే లాన్ చివర గొంతుక్కూర్చుని, అంచులు కత్తిరించే కత్తెరతో గడ్డి కోస్తున్నారు. కొడవలి ఉందా అని అంతకు ముందే అడిగారు. అలాంటివి మ్యూజియంలో ఉంటాయి నాన్నా అన్నారు మా ఆయన. మోవర్ తెస్తానంటే మామగారు ఒప్పుకోలేదు. మోవర్ గడ్డిని నలిపి ముక్కలు చేస్తుంది. పచ్చిముక్కల్ని కుప్ప వేస్తే చెమర్చి, వేడెక్కి, పులుస్తుంది. గొడ్డు తిన్నదా, కడుపు ఉబ్బుతుంది. డబ్బాలో మా చేతికి చురుక్కుమన్న వేడికి కారణం అదన్నమాట. పదేళ్ళబట్టి ఆ మూత ఎత్తుతున్నవాళ్ళం, అడగాలని కూడా తోచలేదు.

కోసిన గడ్డిని పనలుగా రాళ్ళ చపటా మీద పరిచారు. మధ్యాహ్నానికి తిరగేశారు. సాయంత్రం మబ్బు పట్టగానే ఇంట్లో ఉన్న బెడ్‌షీట్లు అడిగారు. ఇంగ్లండు మబ్బు సంగతి తెలుసుగా, నాలుగు చినుకులు వేసి మళ్ళీ ఎండ కాస్తుంది. మూడు రోజులు బెడ్‌షీట్లు కప్పడం, తియ్యడం. ఎడమవైపు ఇంటి పెద్దాయన కంచె మీదుగా ఇదంతా చూస్తూనే ఉన్నారు. మూడోనాడు వచ్చి ఒక పుల్ల తీసి వాసన చూసి, విరిచి చూసి, ఇంకొక్క పూట ఎండాలి అన్నారు. చిన్నప్పుడు పొలంలో పెరిగిన మనిషట. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, నేను మధ్యలో నిలబడ్డాను. పది నిమిషాలయ్యాక నా అవసరం కూడా లేకపోయింది. గడ్డి విరుగుతుందా, వంగుతుందా అన్నది ఎవరికైనా వేళ్ళతోనే తెలుస్తుంది.

ఆ పెద్దాయన మనవరాలికి కుందేలుంది. దానికి ఎండుగడ్డి సంచీ పెంపుడు జంతువుల కొట్లో కొంటారు. మోవర్ గడ్డి పెట్టొద్దని డాక్టరు చెప్పారట, అదే కారణం, కడుపులో పులుస్తుందని. మామగారికి ఇది తర్జుమా చేసి చెప్పగానే నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. ఎండిన గడ్డంతా మోపు కట్టి కంచె మీదుగా ఇచ్చేశారు. ఆ బుధవారం మా బ్రౌన్ బిన్ గేటు బయటికి వెళ్ళలేదు. మా ఆయనకి ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు, ఒక బండి దండగైందని.

పట్టుకుపోయేవాడే డబ్బివ్వాలి అన్న మామగారి మాటని నేను మొదట చాదస్తం కిందే జమకట్టాను. తర్వాత తెలిసింది, ఇంగ్లండులోనే ఒకప్పుడు లోకం ఆ లెక్కన నడిచిందని. పద్దెనిమిదో శతాబ్దం చివర, పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో లండన్‌లో ఇంటి చెత్త అంటే ముఖ్యంగా బొగ్గు బూడిద. ఊరు పెరుగుతోంది, ఇళ్ళు కడుతున్నారు, ఇటుకలు కావాలి. సన్నబూడిద ఇటుక మట్టిలో కలిపేవారు. కాలీ కాలని బొగ్గు తునకలు బట్టీలో ఇంధనం. అందుకని పేటల్లో బూడిద ఎత్తుకెళ్ళే హక్కు కోసం కాంట్రాక్టర్లు పాడుకుని, పేటకే ఎదురు డబ్బు కట్టేవారు. యార్డుల్లో ఆడవాళ్ళు మోకాళ్ళలోతు బూడిదలో నిలబడి జల్లెడ పట్టేవారు. ఎముకలు వేరే, గుడ్డపేలికలు వేరే, పాత ఇనుము వేరే, దేనికది అమ్ముడుపోయేది. ఈ మనుషుల గురించి హెన్రీ మేహ్యూ వివరంగా రాసి పెట్టాడు. డికెన్స్ ‘అవర్ మ్యూచువల్ ఫ్రెండ్’లో ఆస్తి తగాదా అంతా ఇలాంటి చెత్త గుట్టల మీద సంపాదించిన డబ్బు చుట్టూ తిరుగుతుంది. ఆ తర్వాత ఇటుకలకి గిరాకీ పడింది, బూడిద ధర పడింది. చెత్త మాత్రం తగ్గలేదు. డబ్బిచ్చి తీసుకెళ్ళిన కాంట్రాక్టరే డబ్బిస్తే గానీ రానన్నాడు. బూడిద అదే, బండి అదే. అవతల దాని కోసం ఎదురుచూసే బట్టీ ఉందా లేదా అన్నదే తేడా.

మా మామగారి చిన్నతనంలో వాళ్ళ ఊళ్ళోనూ ఇదే లెక్క. ఇంటింటికీ దొడ్లో పెంటకుప్ప. పేడ, ఆకు అలము, పొయ్యిలో బూడిద, గేదెలు తొక్కి వదిలేసిన గడ్డి అందులోకే. వేసవిలో దాన్ని బండ్లకెత్తి పొలానికి తోలేవారు. కానుగ రొట్ట కోసి దమ్ములో తొక్కేవారు. కొబ్బరి మట్ట పడితే ఈనెలు చీపురుకి, మట్ట పొయ్యిలోకి. కోతలయ్యాక గొర్రెలవాళ్ళు మందలు తోలుకొస్తే, తమ చేలో రాత్రిపూట మంద కట్టించుకోవడానికి రైతులు పోటీలు పడేవారు. గొర్రెలు వచ్చి పడుకుని పోయినందుకు వాళ్ళకే ధాన్యమో డబ్బో ఇచ్చుకునేవారు. నా చేలో పేడ వేసినందుకు నేను నీకు కిరాయి ఇస్తాను అంటే మా వీధిలో నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు.

ఇదంతా తలుచుకుని ఊళ్ళో అంతా బంగారమని మురవాలనేం లేదు. పెంటకుప్ప పక్కన బతకడం అంటే ఈగలు, వాన పడితే బురద, నీళ్ళ బావి దగ్గర్లో ఉంటే జబ్బులు. మామగారు ఇప్పుడు గేదెల్ని అమ్మేశారు. పాలు ప్యాకెట్టులో వస్తాయి. నిమ్మచెట్లకి పశువుల ఎరువు కావాలంటే ట్రాక్టరు లెక్కన కొనాల్సిందే, అదీ ముందు చెప్పి పెట్టుకోవాలి. కోత మిషను వదిలేసిన గడ్డిని చేలోనే తగలబెట్టేవాళ్ళు తగలబెడుతున్నారు. ఊరి చివర ‘చెత్త నుంచి సంపద కేంద్రం’ అని బోర్డు పెట్టి రేకుల షెడ్డు వేశారు. ఇలాంటివి కొన్ని ఊళ్ళలో నడుస్తున్నాయి, వానపాముల ఎరువు చేసి అమ్ముతున్నారు కూడా. కొన్నిటికి తాళం. “దొడ్లో ఊరికే తయారయ్యేదానికి షెడ్డూ, బోర్డూ, జీతగాడూ” అని ఆయన బాధ. దొడ్లో ఊరికే ఎప్పుడు తయారైంది? అత్తగారు రోజూ తట్టనెత్తిన పెట్టుకుని పేడ మోస్తేనే తయారైంది. ఆ కిరాయి ఆవిడకి ఎవరూ ఇవ్వలేదు. ఈ మాట ఆయనతో అనలేదు గానీ, అత్తగారితో ఫోనులో అంటే చాలాసేపు నవ్వారు.

మన దగ్గర చెత్తకి డబ్బు అడిగిన కథ వేరేగా నడిచింది. 2021 అక్టోబరు 2న ‘క్లీన్ ఆంధ్రప్రదేశ్’ అని జెండా ఊపి పట్టణాల్లో ఇంటింటికీ బండ్లు పంపారు, దానితో పాటు ఇంటికి నెలకి 120 రూపాయల దాకా వసూలు మొదలైంది. ఉత్తర్వుల్లో దాని పేరు వినియోగ రుసుము. జనం చెత్త పన్ను అన్నారు, ఎన్నికల్లో అదే పేరు నిలిచింది. సరిగ్గా మూడేళ్ళకి, 2024 అక్టోబరు 2న, మచిలీపట్నంలో కొత్త ముఖ్యమంత్రి ఆ పన్ను తీసేస్తున్నామని చెప్పారు. పెట్టిందీ తీసిందీ గాంధీ జయంతి నాడే. పట్నంలో ఉండే మా ఆడపడుచు ఆ రెండిటికీ మధ్య మూడేళ్ళూ తిట్టుకుంటూనే కట్టింది. “ఇంటిపన్ను కడుతున్నాం, నీటిపన్ను కడుతున్నాం, రేపు ఊపిరి పీల్చినందుకు కూడా రసీదిస్తారు” అనేది. ఆవిడ కోపం నాకర్థమైంది. తోట అనేది ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. కూరగాయల తొక్క లేని ఇల్లు ఉండదు కదా. పూరింటికీ, అయిదంతస్తుల మేడకీ అన్నం వార్చిన గంజీ, వంకాయ తొడిమలూ తప్పవు. తప్పనిదానికి నెలనెలా గుమ్మంలో నిలబడి అడిగితే ఎవరికైనా మండుతుంది. పన్నులోనే కలిపేసి ఉంటే ఇంత రభస అయ్యేది కాదేమో. మా కౌన్సిల్ టాక్సులో మామూలు చెత్త వేసే నల్లడబ్బాకి ఎంత పడుతోందో నేనెప్పుడూ అడగలేదు, ఇకముందూ అడగను.

చెట్ల చెత్త సంగతికొస్తే 2016లో వచ్చిన కేంద్ర నియమాల్లో దానికో వాక్యం పెట్టారు. ఎవరి తోట చెత్త వాళ్ళు తమ ఆవరణలోనే విడిగా ఉంచి, స్థానిక సంస్థ చెప్పిన పద్ధతిలో వదిలించుకోవాలి, తగలబెట్టకూడదు అని. వానలకి ముందు మా ఆడపడుచు వీధిలో ఏం జరుగుతుందో చెప్తాను. తీగలకి తగులుతున్నాయని కరెంటోళ్ళు వచ్చి వేపకొమ్మలు కొడతారు. కొట్టి, చెట్టు కిందే పడేసి పోతారు, ఎత్తడం వాళ్ళ పని కాదు. పొద్దున చెత్త బండి వస్తుంది. తడి చెత్త, పొడి చెత్త తప్ప కొమ్మలు ఎక్కించుకోనంటాడు, అది అతని పని కాదు. అడిగినంత చేతిలో పెడితే ఎక్కించుకుంటాడు, ఆ ఇచ్చినదానికి రసీదూ ఉండదు, స్టిక్కరూ ఉండదు. ఇవ్వకపోతే ఎండి, ఏ అర్ధరాత్రో ఎవరో అగ్గిపుల్ల గీస్తారు, పొద్దున్నకి బూడిద. దీనితో పోలిస్తే మా స్టిక్కరు పద్ధతి నయం. రేటు ముందే తెలుస్తుంది, బేరం లేదు, బండి దాదాపు ఎప్పుడూ వస్తుంది.

ఇక్కడా అందరూ బుద్ధిగా కడుతున్నారనుకోకండి. చందా ఎగ్గొట్టే దారులు ఇంటికొకటి. నల్ల సంచుల కింద గడ్డి దాచి మామూలు చెత్తలో తోసేవాళ్ళున్నారు. కారు డిక్కీలో ప్లాస్టిక్ పట్టా పరిచి, ఆదివారం పూట ‘టిప్’కి, అంటే కౌన్సిల్ వాళ్ళ చెత్త యార్డుకి, మోసుకెళ్ళేవాళ్ళున్నారు. అక్కడ గడ్డి తీసుకుంటారు, ఏమీ అడగరు. పెట్రోలు లెక్క వేసుకుంటే తేలదు, అయినా చందా కట్టలేదన్న తృప్తి ఉంది చూశారూ! అడవి దారి పక్కన రాత్రిపూట కుమ్మరించేసే పెద్దమనుషులు కూడా ఉన్నారు. కంపోస్టు కుప్ప పెట్టుకునేవాళ్ళు వీళ్ళందరిలో మర్యాదస్తులు, కానీ వాళ్ళు వారానికోసారైనా దాని గురించి మాట్లాడకుండా ఉండలేరు.

మా గడ్డి ఎక్కడికి పోతుందో ఒకసారి చూశాను. ఊరికి దూరంగా సిమెంటు నేల మీద ఆకులు, కొమ్మలు చూరచూర చేసి పొడుగాటి దిబ్బలుగా పోస్తారు. పొద్దుటి చలిలో వాటి మీంచి పొగలు. లోపల వేడి అరవై డిగ్రీల పైన కూడా ఉంటుందట, అందులో కలుపు విత్తనాలూ, తెగుళ్ళూ చచ్చిపోవాలి. ఒక యంత్రం వచ్చి దిబ్బని తిరగేస్తుంది. కొన్ని వారాలయ్యాక జల్లెడ పడతారు. ఇక్కడా జల్లెడే, మనుషుల బదులు తిరిగే ఇనుప పీపా. పైన మిగిలేవాటిలో ప్లాస్టిక్ కుండీలు, తోటపని తొడుగులు, ఎవరో పిల్లల బంతి. కింద పడేది నల్లటి, మట్టివాసన వేసే ఎరువు. దాన్ని రైతులకీ, తోటలు వేసేవాళ్ళకీ ఇస్తారు. కొన్నిచోట్ల సంచులకెత్తి అమ్ముతారు. అలా అమ్మిన సంచి ఒకటి మేమూ కొన్నాం, గోంగూర మడికని. అంటే ఆ గడ్డికి మూడోసారి.

ఇప్పటి లెక్కలో ఆ ఎరువు అమ్మితే వచ్చేది బండి ఖర్చుకి చాలదు. గల్లీ గల్లీ తిరిగి, గేటు గేటుకీ ఆగి, ఇంటికో డబ్బా ఎత్తి దులపాలి. మా చందా ఆ బండికీ, ఆ మనుషుల జీతానికీ. గడ్డికి ధర కట్టారని మామగారు పొరబడ్డారు, నేనూ పొరబడ్డాననుకోండి, కానీ గడ్డి ధర అందులో ఎక్కడా లేదు. ఎడ్లబండిని తను తోలుకుంటూ పెంట మోసినవాడికి మోత కూలి లెక్కలోకి రాదు. మేము మా గేటు దాకా మాత్రమే మోస్తాం.

కుడివైపు ఇంటావిడకి ఎనభై దాటాయి, ఒక్కతే ఉంటుంది. పెన్షను డబ్బులతో గడ్డికి చందా ఏంటని కట్టదు. గులాబీలు కత్తిరించినప్పుడల్లా చిన్న బకెట్టు పట్టుకుని మా గుమ్మంలోకి వస్తుంది, మీ డబ్బాలో చోటుంటే వేసుకోవచ్చా అని. ఎన్నిసార్లు నేరుగా వేసేసుకోండి అన్నా వినదు, అడగాల్సిందే. మా ఆయనకి ఆవిడంటే ప్రాణం, ఆ బకెట్టుతో జానెడు ఖాళీ పూడుతుంది. ఈ ఏడు చందా పెంచారని ఎక్కడో చదివి, సగం నేనిస్తాను అని పర్సు తీసుకుని వచ్చింది. వద్దన్నాను. మొహం ముడుచుకుంది. మర్నాడు పొద్దున గుమ్మంలో ఒక పెద్ద కట్ట రూబార్బ్ పెట్టి వెళ్ళింది, పచ్చి ఆకులతో సహా. ఇంగ్లీషువాళ్ళు దాని కాడల్ని చక్కెర పోసి ఉడికిస్తారు. గోంగూర దొరకని నెలల్లో ఇక్కడి తెలుగిళ్ళలో అవే పప్పులోకీ, పచ్చట్లోకీ. ఆ సాయంత్రం పప్పు వండి ఆవిడకో గిన్నె పట్టుకెళ్ళి ఇచ్చాను. కారం ఎక్కువైందంది, గిన్నె మాత్రం ఖాళీగా తిరిగొచ్చింది. రూబార్బ్ ఆకుల్లో విషముంటుంది, వండుకోకూడదు. అవి విస్తరంత ఉంటాయి, ఒక్కోటీ మడిచి కూరితే గానీ మూత పడలేదు.